జేమ్స్ వాట్: నడువని నమూనా యంత్రము

విజయవాడలోను, కృష్ణా డెల్టాలోని పల్లెలలోను దినదినమును పలుకబడు మనుష్యుని పేరొకటి కలదు. విద్యుద్దీపమును కొనబోవువాడు అది ఎన్ని వాట్ల దీపమని అడుగును. నెల తిరుగగానే ఇంటికి వచ్చు కరెంటు బిల్లు కిలోవాట్-గంటల లెక్కపై కట్టబడును. కాలువనీరు అందని మెరకచేనికి మోటారు పెట్టదలచిన రైతు అది ఎన్ని హార్స్ పవర్ల మోటారని విచారించును. ఈ రెండు మాటలకును మూలపురుషుడు ఒక్కడే. వాట్ అనునది అతని ఇంటిపేరు. హార్స్ పవర్ అనునది అతడు వాడుకలోనికి తెచ్చిన కొలత. ఆ మహనీయుడు జేమ్స్ వాట్. అతడు విశ్వవిద్యాలయములో కూర్చుండి చదివినవాడు కాడు. విశ్వవిద్యాలయములో పనిముట్లు బాగుచేసి పొట్టపోసికొన్నవాడు. ఒకనాడు బల్లపై పెట్టదగినంత చిన్న నమూనా యంత్రము నడువక నిలిచిపోగా, దానిని బాగుచేయుమని అతనికి ఇచ్చిరి. ఆ చిన్న యంత్రము ఏల నడువలేదో తెలిసికొనువరకు అతడు నిద్రపోలేదు. లోకములోని పెద్ద యంత్రముల కథ ఆ పట్టుదలనుండియే మారినది.

జేమ్స్ వాట్ 1736వ సంవత్సరము జనవరి నెలలో స్కాట్లండు దేశమునందలి గ్రీనాక్ అను ఊరిలో జన్మించెను. గ్రీనాక్ మన బందరువలె ఓడల రాకపోకలు గల రేవుపట్టణము. వాట్ తండ్రి ఓడలకు వలయు పనిచేయుచు, నావికుల దిక్సూచులను సరిచేయుచు, సరకుల వర్తకమును కూడ సాగించుచుండెను. వాట్ పసితనమునుండి దుర్బలుడు. తలనొప్పి అతనిని తరచుగా బాధించెడిది. అందుచే చాలకాలము బడికి పోలేక తల్లియొద్దనే చదువను వ్రాయను నేర్చుకొనెను. తోటిబాలురు వీధులలో ఆడుకొనుచుండగా అతడు తండ్రి పనిశాలలో ఒక మూల చిన్న బల్లయు, చిన్న కొలిమియు, తన చేతికి సరిపడు పనిముట్లును ఏర్పరచుకొని ఓడలపై బరువులెత్తు యంత్రములకు నమూనాలు చేయుచుండెను. తరువాత బడిలో చేరినప్పుడు గణితమునందు అతనికి మంచి ప్రవేశము కలిగెను.

కెటిలులో నీరు కాగుచుండగా మూత పైకెగురుటను చూచి ఆ బాలుడు ఆవిరియంత్రమును కనిపెట్టెనని ఒక కథ లోకములో వ్యాపించినది. కథ అందమైనదే గాని వాస్తవము వేరు. వాట్ పుట్టుటకు 24 ఏండ్లకు ముందే, అనగా 1712లో, తామస్ న్యూకమెన్ అను ఆంగ్లేయుడు గనులలోని నీటిని తోడు ఆవిరియంత్రమును నిలిపియుండెను. ఆవిరికి బలము కలదని లోకమునకు అప్పటికే తెలియును. ఆ బలములో ఎంత వ్యర్థముగా పోవుచున్నదో మాత్రము ఎవరికిని తెలియదు. దానిని తెలిసికొన్నవాడు వాట్.

అతనికి 17 ఏండ్లు వచ్చునప్పటికి తల్లి మరణించెను. తండ్రి వ్యాపారము దెబ్బతినెను. తన బ్రతుకు తాను చూచుకొనక తప్పదని గ్రహించి, వాట్ గణితశాస్త్రమునకును నౌకాయానమునకును వలయు సున్నితమైన పరికరములను చేయు విద్యను నేర్వదలచెను. ఆ పనిని చక్కగా నేర్పగలవారు స్కాట్లండులో దొరకనందున 1755లో గుఱ్ఱముపై లండనుకు బయలుదేరెను. ఆ ప్రయాణమునకు పండ్రెండు దినములు పట్టెను. అచ్చటి నియమము ప్రకారము ఆ పని నేర్చువాడు ఏడేండ్లు శిష్యరికము చేయవలెను. వాట్ చేతిలో అంత ధనము లేదు. జాన్ మోర్గన్ అను పనివాడు ఒక్క సంవత్సరము నేర్పుటకు అంగీకరించెను. ఏడేండ్ల విద్యను ఒక యేటిలో నేర్వదలచిన ఆ యువకుడు తెల్లవారినది మొదలు రాత్రి చీకటి పడువరకు పనిచేయుచు, తిండిలో సైతము మిగుల్చుకొనుచు గడపెను. సంవత్సరాంతమున విద్య చేతికి వచ్చెను గాని ఆరోగ్యము చెడెను. 1756లో అతడు స్కాట్లండుకు తిరిగివచ్చెను.

గ్లాస్గో పట్టణములో అంగడి పెట్టవలెనని అతని కోరిక. కాని వాట్ ఆ పట్టణపు పౌరుని కుమారుడు కాడు. ఏడేండ్ల శిష్యరికము ముగించినవాడును కాడు. అందుచే చేతిపనివారి సంఘము అతనికి అడ్డుచెప్పెనని చెప్పుదురు. అదే సమయమున గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు జమెయికా ద్వీపమునుండి ఖగోళ పరికరములు కొన్ని వచ్చెను. సముద్రపు గాలికి అవి చెడియుండెను. వానిని శుభ్రపరచి సరిచేయు పని వాట్‌కు లభించెను. అతని పనితనము ఆచార్యులకు నచ్చెను. 1757లో వారు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే అతనికి ఒక గది ఇచ్చి, తమ గణితపరికరముల పనివానిగా నియమించిరి.

ఆ చిన్నగది క్రమముగా విద్వాంసుల కూటమివంటిదాయెను. ఉష్ణమును గూర్చి పరిశోధనలు చేయుచున్న జోసెఫ్ బ్లాక్ అచ్చటికి వచ్చి కూర్చుండెడివాడు. జాన్ రాబిసన్ అను విద్యార్థి వాట్‌కు ప్రియమిత్రుడయ్యెను. ఆవిరితో బండిచక్రములను త్రిప్పవచ్చునేమో యను ఊహను మొదట వాట్ చెవిని వేసినవాడు ఈ రాబిసనే. వాట్ వారికి పరికరములు చేసియిచ్చుచు, వారి మాటలు వినుచు, తెలియనిదానిని అడిగి తెలిసికొనుచుండెను. ఏదైన పుస్తకము ఫ్రెంచిలో నున్నను, జర్మనులో నున్నను, అది తన పనికి అవసరమని తోచినచో ఆ భాషను నేర్చుకొనెడివాడు. సంగీతపు చెవి లేకున్నను వాద్యములను గూడ చేసి అమ్మెను. ఏ పని పట్టినను దాని మూలము చూడనిదే విడువకుండుట అతని స్వభావము.

1763–64 శీతకాలమున ప్రకృతిశాస్త్రపు ఆచార్యుడు జాన్ ఆండర్సన్ వాట్‌కు ఒక వస్తువును ఇచ్చెను. అది న్యూకమెన్ యంత్రమునకు చేసిన నమూనా. విద్యార్థులకు ఆవిరియంత్రపు పనిని చూపుటకు విశ్వవిద్యాలయము దానిని ఉంచుకొనెను. కాని అది సరిగా నడువదు. దానిని బాగుచేయుటకై అంతకుముందు లండనులోని పనివానికి పంపిరి. అచ్చటినుండి తిరిగివచ్చిన పిదపను అది నడువలేదు. అట్టిది ఇప్పుడు వాట్ బల్లమీదికి వచ్చెను.

న్యూకమెన్ యంత్రము పనిచేయు విధమును తెలిసికొనుటకు తెలుగుపల్లెలలోని ఏతమును తలచుకొన్న చాలును. ఏతమునకువలెనే దీనికిని నడుమ ఇరుసుపై ఊగు పెద్దదూలము కలదు. దూలపు ఒక కొనకు గనిలోని నీటిని తోడు పంపు కడ్డీ వ్రేలాడును. రెండవ కొన గొలుసుతో పిస్టనుకు కట్టబడియుండును. పిస్టను సిలిండరులో పైకిని క్రిందికిని కదలును. పంపు కడ్డీ బరువుచే పిస్టను పైకి లేచుచుండగా బాయిలరునుండి ఆవిరి వచ్చి సిలిండరును నింపును. పిమ్మట కవాటమును మూసి, ఆ సిలిండరులోనికే చన్నీటిని చిమ్ముదురు. ఆవిరి చల్లబడి నీటిబొట్లగును. ఆవిరి ఆక్రమించిన చోట శూన్యప్రదేశము ఏర్పడును. అప్పుడు పైనున్న వాతావరణ పీడనము పిస్టనును క్రిందికి అదుమును. దూలము ఒకవైపు వంగి, రెండవవైపున గనిలోని నీటిని పైకెత్తును. ఏతముపై మనుష్యుడు నడచుటకు బదులు ఇచ్చట గాలి బరువు నడచుచున్నదన్నమాట.

నమూనా యంత్రపు సిలిండరు ఇత్తడిది. దాని అడ్డుకొలత 2 అంగుళములు; పిస్టను కదలు దూరము 6 అంగుళములు. బాయిలరు అడ్డుకొలత సుమారు 9 అంగుళములు. వాట్ భాగములన్నియు విప్పి, తుడిచి, బిగించి, నిప్పు రాజేసెను. యంత్రము నాలుగైదు మారులు ఊగి నిలిచిపోయెను. నిప్పును పెంచగా మరల కొన్నిమారులు ఊగి, మరల నిలిచిపోయెను. చన్నీటిని తగ్గించియు, పంపు బరువును తగ్గించియు ఎట్లో దానిని నడుచునట్లు చేసెను. ఒక సామాన్యపు పనివాడైనచో అంతటితో పని ముగిసినదని యంత్రమును అప్పగించి కూలి పుచ్చుకొనియుండును. వాట్ అట్లు చేయలేదు. సిలిండరు ఇంత చిన్నదై, బాయిలరు దానికి తగినంత పెద్దదై యుండగా ఆవిరి ఏల చాలకున్నది? పెద్దయంత్రములు నడుచుచుండగా దాని రూపమునకే చేసిన చిన్నయంత్రము ఏల నడువదు? ఈ ప్రశ్నలు అతనిని వదలలేదు.

మొదటి కారణము అతనికి త్వరలోనే బోధపడెను. గుండిగలోని పాలకంటె గ్లాసులోని పాలు శీఘ్రముగా చల్లారును. వస్తువు చిన్నదగుకొలదిని దానిలోపలి పరిమాణము ఎక్కువగా తగ్గును. వేడిని కోల్పోవు పైభాగము అంతగా తగ్గదు. నమూనా యంత్రములో చిక్కిన ఆవిరి కొంచెము, ఆ ఆవిరిని చల్లార్చు ఇత్తడిగోడ ఎక్కువ. అందుచే పెద్దయంత్రములలో కంటికి కనబడని దోషము చిన్నయంత్రములో కొట్టవచ్చినట్లు కనబడినది. అనగా దోషము నమూనాలో మాత్రమే లేదు. గనులయొద్ద నడుచుచున్న మహాయంత్రములన్నింటిలోను అదే దోషము దాగియున్నది. నమూనా నిలిచిపోయి ఆ సత్యమును బయటపెట్టినది.

పిదప వాట్ కొలతలు తీయనారంభించెను. నీరు ఆవిరియగునప్పుడు ఎన్నిరెట్లు పెరుగునో కొలిచెను. ఒక్కొక్క ఊపునకు ఎంత ఆవిరి ఖర్చగుచున్నదో లెక్కించెను. సిలిండరు పట్టు ఆవిరికంటె కొన్నిరెట్లు అధికముగా ఆవిరి దానిలోనికి పోవుచున్నట్లు తేలెను. ఆ ఎక్కువ ఆవిరి ఏమగుచున్నది? చన్నీరు చిమ్మినపుడెల్ల సిలిండరు గోడలు చల్లబడుచున్నవి. మరుసటి ఊపునకు వచ్చు ఆవిరి మొదట ఆ గోడలను కాచుటలోనే కరగిపోవుచున్నది. వేసవికి నెఱ్ఱెలు విచ్చిన పొలమునకు నీరు పెట్టినచో మొదటినీరంతయు నెఱ్ఱెలు త్రాగివేయును. అవి నిండినగాని మడిలో నీరు నిలువదు. న్యూకమెన్ యంత్రము ఊపు ఊపునకును నెఱ్ఱెలు విచ్చు పొలమువంటిది. ఆవిరిలో సుమారు నాలుగింట మూడువంతులు వ్యర్థమగుచున్నవని వాట్ నిర్ణయించెను.

ఇంకొక వింత అతనికి కనబడెను. కొద్దిపాటి నీటినుండి పుట్టిన ఆవిరిని చన్నీటిలోనికి పంపగా, ఆ ఆవిరి తన బరువునకు ఆరురెట్లు బరువుగల నీటిని మరుగుస్థితికి తెచ్చెను. ఆవిరిలో ఇంత వేడి ఎచ్చట దాగియున్నది? వాట్ తన మిత్రుడైన జోసెఫ్ బ్లాకును అడిగెను. నీరు ఆవిరిగా మారునప్పుడు ఉష్ణమాపకములో కనబడకుండ చాల వేడిని తనలో దాచుకొనుననియు, మరల నీరగునప్పుడు దానిని విడుచుననియు బ్లాక్ వివరించెను. దానినే గుప్తోష్ణమందురు. బ్లాక్ అంతకు కొలదికాలము ముందే దానిని కనుగొని తన తరగతులలో బోధించుచుండెను. పనివాని కొలతయు, ఆచార్యుని శాస్త్రమును అచ్చట కలిసికొనెను.

సమస్య ఇప్పుడు స్పష్టమయ్యెను. ఆవిరి వ్యర్థము కాకుండవలెనన్న సిలిండరు ఎల్లప్పుడును వేడిగా నుండవలెను. ఆవిరి నీరు కావలెనన్న అదే సిలిండరు చల్లబడవలెను. ఒకే పాత్ర ఒకేసారి వేడిగాను చల్లగాను ఎట్లుండును? ఈ చిక్కు చాలకాలము విడువలేదు. 1765వ సంవత్సరము మే నెలలో ఒక ఆదివారమునాడు వాట్ గ్లాస్గోలోని పచ్చికబయలులో ఒంటరిగా నడుచుచుండగా అతనికి ఉపాయము తోచెను. ఆవిరి సాగిపోవు గుణము గలది. సిలిండరు ప్రక్కన గాలి తీసివేసిన మరియొక పాత్రనుంచి, రెండింటికిని గొట్టము కలిపినచో ఆవిరి తనంతట తానే ఆ పాత్రలోనికి దూకును. ఆ పాత్రను మాత్రమే చల్లగా నుంచవలెను. ఆవిరి అచ్చట నీరగును. సిలిండరు వేడి చెడదు. ఈ ప్రత్యేకమైన చల్లార్చు పాత్రకే కండెన్సరని పేరు. కొలదిదినములలో అతడు ఒక ఇత్తడి పిచికారీని సిలిండరుగా చేసికొని చిన్న నమూనాను కట్టెను. అది నడచెను. అప్పటికి వాట్ వయస్సు 29 ఏండ్లు.

ఉపాయము ఒక నడకలో తోచినది. దానిని నిజమైన యంత్రముగా చేయుటకు పదునొకండేండ్లు పట్టెను. ఆ పదునొకండేండ్ల కథయే వాట్ జీవితములో మిక్కిలి కష్టమైన భాగము. నమూనాలో పిస్టను రెండంగుళములకంటె వెడల్పు లేదు. నిజమైన యంత్రములో అది అడుగులకొలది వెడల్పుండవలెను. అంత పెద్ద సిలిండరును గుండ్రముగా తొలువగల పనివారు ఆనాడు లేరు. పిస్టనుకును సిలిండరుకును నడుమ సందులనుండి ఆవిరి కారిపోవుచుండెను. వాట్ ఆ సందులను మూయుటకు తోలు, గుడ్డ, పీచు మొదలగువానిని ఎన్నింటినో ప్రయత్నించి విసిగెను. అప్పులు పెరిగెను. 1764లో పెండ్లియాడిన భార్య మార్గరెట్ అతనికి ధైర్యము చెప్పుచుండెను.

జాన్ రోబక్ అను ఇనుపకార్ఖానా యజమాని అతని అప్పులను తీర్చి, లాభములో మూడింట రెండువంతులు తనకు చెందునట్లు ఒడంబడిక చేసికొనెను. 1769 జనవరిలో వాట్‌కు పేటెంటు హక్కు లభించెను. కాని యంత్రము పూర్తికాలేదు. కుటుంబపోషణకై వాట్ కాలువల దారులను కొలుచు పనిలో చేరెను. గొలుసును, మట్టపు పరికరమును పట్టుకొని వానలో, చలిలో స్కాట్లండు కొండలవెంట తిరుగుట దుర్బలమైన శరీరము గల అతనికి ఎంతటి శ్రమయో ఊహింపవచ్చును. 1773లో అతడు ఉత్తరపు కొండలలో కాలువమార్గమును కొలుచుచుండగా భార్యకు ప్రసవవేళ ప్రమాదము సంభవించినదని కబురు వచ్చెను. అతడు ఇల్లు చేరునప్పటికి ఆమె లేదు. తల్లిలేని బిడ్డలు మిగిలిరి. ఆ దినములలోనే రోబక్ వ్యాపారము కూలిపోయెను. యంత్రపు కలయు దానితో కూలిపోవలసినదే.

అట్లు కాకుండుటకు కారణము మాథ్యూ బౌల్టన్. అతడు బర్మింగ్‌హామ్ పట్టణములో పెద్ద కార్ఖానాకు యజమాని, దూరదృష్టి గలవాడు. రోబక్ బాకీలకు బదులుగా అతని వాటాను బౌల్టన్ తీసికొనెను. 1774లో వాట్ బర్మింగ్‌హామ్ చేరెను. వాట్ నిరాశాస్వభావుడు, బేరము చేయుటయన్న భయపడెడివాడు. బౌల్టన్ ఉత్సాహి, వ్యాపారములో ఆరితేరినవాడు. ఒకరిలో లేనిది రెండవవారిలో నుండుటచే వారి స్నేహము నిలిచెను. 1775లో పార్లమెంటు వాట్ పేటెంటును 1800వ సంవత్సరమువరకు పొడిగించెను.

సిలిండరు చిక్కు మరియొకచోట విడిపోయెను. జాన్ విల్కిన్సన్ అను ఇనుపపనిలో నిపుణుడు ఫిరంగి గొట్టములను తిన్ననగా తొలుచు యంత్రమును నిర్మించియుండెను. అదే విధమున సిలిండరులను తొలుచుటకును అతడు యంత్రము కట్టెను. అతడు చేసియిచ్చిన 50 అంగుళముల సిలిండరులో గుండ్రదనము చిన్ననాణెపు మందమంతయైనను తప్పలేదు. 1776లో వాట్ యంత్రములు రెండు పనిలోనికి వచ్చెను. ఒకటి బొగ్గుగనిలో నీరు తోడినది. రెండవది విల్కిన్సను ఇనుపకొలిమికి గాలి ఊదినది. గ్లాస్గోలో నిలిచిపోయిన చిన్నయంత్రపు ప్రశ్నకు పూర్తి జవాబు అప్పటికి దొరికెను. అప్పటికి వాట్‌కు నలువది యేండ్లు.

కొత్తయంత్రమునకు పాతదానితో పోల్చగా బొగ్గు చాల తక్కువ చాలును. పెక్కుచోట్ల నాలుగింట మూడువంతుల బొగ్గు మిగిలెను. బొగ్గు దొరకని కార్న్‌వాల్ సీమలోని రాగి, తగరపు గనులవారు ఈ యంత్రమును కోరి తెచ్చుకొనిరి. మిగిలిన బొగ్గు వెలలో మూడవవంతు బౌల్టన్, వాట్‌లకు చెల్లించునట్లు ఒప్పందము. మిగిలినదానిలోనే వాటా అడుగుట న్యాయముగా తోచును గాని, ఏండ్లు గడచినకొలదిని గనులవారికి ఆ చెల్లింపు భారమై వివాదములు పెరిగి న్యాయస్థానములవరకు పోయెను.

అంతవరకు యంత్రము పైకిని క్రిందికిని ఊగుట మాత్రమే ఎరుగును. మిల్లులలో చక్రము త్రిప్పుటకు అది చాలదు. బౌల్టన్ ప్రోద్బలముచే వాట్ 1781లో ఊపును త్రిప్పుగా మార్చు పండ్లచక్రముల ఏర్పాటును, 1782లో పిస్టను ఇరువైపులనుండియు ఆవిరి త్రోయు ఏర్పాటును, 1784లో పిస్టను కడ్డీని తిన్ననగా నడుపు కడ్డీల అల్లికను కనిపెట్టెను. 1788లో, పిండిమిల్లులలో అంతకుముందే వాడుకలోనున్న తిరుగుగుండ్ల సాధనమును ఆవిరియంత్రమునకు అమర్చెను. వేగము హెచ్చినచో గుండ్లు పైకిలేచి ఆవిరిని తగ్గించును. వేగము తగ్గినచో దిగి ఆవిరిని హెచ్చించును. మిల్లుయజమానులు అప్పటివరకు గుఱ్ఱములచే గానుగలు త్రిప్పించుచుండిరి. యంత్రము ఎన్ని గుఱ్ఱముల పనిచేయునో చెప్పిననే వారికి దాని విలువ తెలియును. అందుచే వాట్ లెక్కవేసి, నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తునకు లేపు శక్తిని ఒక హార్స్ పవర్‌గా నిర్ణయించెను.

వాట్ గొప్పతనమును చెప్పునప్పుడు అతని పొరపాటును దాచరాదు. అతని కంపెనీలో విలియం మర్డాక్ అను చేయితిరిగిన పనివాడుండెను. మర్డాక్ 1784లో కార్న్‌వాల్‌లోని రెడ్‌రూత్ అను ఊరిలో మూడుచక్రముల చిన్న ఆవిరిబండి నమూనాను చేసి నడపెను. దీపపుమంటచే నీరు కాగి ఆ బొమ్మబండి తనంతట తాను పరుగెత్తెను. రైలింజనుకు అది ముత్తాతవంటిది. కాని వాట్ దానిని మెచ్చలేదు. మర్డాక్ తన పనిని విడిచి ఆటవస్తువులవెంట పోవుచున్నాడని అతని అభిప్రాయము. అంతేగాక బండిని లాగుటకు అధికపీడనముగల ఆవిరి కావలెను. ఆనాటి బాయిలరులు దానికి తాళక ప్రేలునని వాట్ భయము. ఆ భయము నిరాధారము కాదు. అయినను ఒక నమూనానుండి లోకమును చూడగలిగినవాడు మరియొక నమూనాను చూచియు చూడకపోయెను. మర్డాక్ ఆ ప్రయత్నమును మానుకొనెను.

1800లో పేటెంటు గడువు ముగిసెను. 1804లో రిచర్డ్ ట్రెవిథిక్ అధికపీడనపు ఆవిరితో ఇంజనును చేసి, వేల్సులోని పెనిడారెన్‌లో ఇనుపపట్టాలపై 10 టన్నుల ఇనుమును, 70 మంది జనమును లాగించెను. అట్టి ఇంజనులో కండెన్సరు లేదు; పనిచేసిన ఆవిరి పొగగొట్టముగుండ బయటికి పోవును. 1853 ఏప్రిల్ 16న మనదేశములో బొంబాయినుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల రైలు నడచెను. 1893లో విజయవాడయొద్ద కృష్ణపై రైలువంతెన కట్టబడెను. విజయవాడ షెడ్డులో బొగ్గు తిని నీరు త్రాగిన ఆవిరి ఇంజనులన్నియు మర్డాక్ బొమ్మబండికి సంతతివారే. వాని స్థానమును డీజిలు, విద్యుత్తు ఇంజనులు ఆక్రమించినవి.

వాట్ 1800లో వ్యాపారమునుండి విరమించుకొనెను. బర్మింగ్‌హామ్ సమీపమున హీత్‌ఫీల్డ్ అను ఇంటిలో మేడపైనున్న చిన్నగదిని పనిశాలగా చేసికొని, శిల్పములకు నకళ్లు చెక్కు యంత్రమును సరిచేయుచు ముదిమిని గడపెను. 1804లో కుమారుడు గ్రెగరీ మరణించుట అతనిని క్రుంగదీసెను; అయినను చేతులు పనిని మానలేదు. ప్రభుత్వము బిరుదమీయదలచగా అతడు వలదనెను. 1806లో గ్లాస్గో విశ్వవిద్యాలయము తన యొకనాటి పనివానికి డాక్టరు పట్టమిచ్చెను. 1819 ఆగస్టు 25న 83వ యేట వాట్ కన్నుమూసెను. 1882లో బ్రిటిషు శాస్త్రజ్ఞులు శక్తి కొలతకు అతని పేరు సూచించిరి. ఆ పేరు లోకమంతటను నిలిచెను. అతడు తెచ్చిన హార్స్ పవర్ ఒకటి 746 వాట్లకు సమానము.

వాట్ పనిశాల లండనులోని విజ్ఞానవస్తుప్రదర్శనశాలలో పదిలముగా నున్నది. అతని చేతికి వచ్చిన నమూనా యంత్రము గ్లాస్గో విశ్వవిద్యాలయపు హంటేరియన్ ప్రదర్శనశాలలో నున్నది. అతని ఉపాయము మాత్రము ప్రదర్శనశాలకు పోలేదు. ప్రకాశం బ్యారేజికి ఎగువన ఇబ్రహీంపట్నములో 1979లో మొదటి విభాగముతో ఆరంభమైన విద్యుత్కేంద్రము కలదు. అచ్చట బొగ్గుమంటచే పుట్టిన ఆవిరి పిస్టనును గాక టర్బైను చక్రములను త్రిప్పును. త్రిప్పిన ఆవిరి ప్రక్కనున్న వేరొక పాత్రలో చేరి, కృష్ణ నీటి చలువచే మరల నీరగును. ఆ పాత్రయే కండెన్సరు. వేడిచోటు వేడిగా నుండవలెను, చల్లనిచోటు చల్లగా నుండవలెను అను వాట్ సూత్రమే డెల్టాలోని దీపములను వెలిగించుచున్నది.

చెడిన వస్తువును బాగుచేయువారు ఇద్దరు. ఎట్లో నడిపి అప్పగించువాడొకడు. అది ఏల నిలిచెనో కనుగొనువాడొకడు. మొదటివానివలన ఆ వస్తువునకు మాత్రమే మేలు కలుగును. రెండవవాడు జేమ్స్ వాట్.